ఈటెగాడు పడటం నేర్చుకున్న రోజు

అది 2005. భవానీపురంలో ఒక మేడ మీద మా ఫిజియోథెరపీ క్లినిక్ ఉండేది. ఉదయం పూట కిటికీ తెరిస్తే కృష్ణ మీద నుంచి తడిగాలి వచ్చేది. చలికాలంలో నది కనిపించేది కాదు, మంచులో తెల్లగా ఏదో కదులుతున్నట్టు ఉండేదంతే. ఆ వెలుతురులో నడక నేర్చుకునేవాళ్లు కూడా నీళ్లలో నడుస్తున్నట్టు నెమ్మదిగా అడుగులు వేసేవారు. ఆ గదిని తలచుకుంటే నాకు ముందు నస్రీన్ గుర్తొస్తుంది.

నస్రీన్‌కు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. డీటీపీ ఆపరేటర్‌గా పనిచేసేది. మైలవరంలో బంధువుల పెళ్లి చూసుకుని, తండ్రి స్కూటర్ వెనక కూర్చుని తిరిగి వస్తుండగా ఇసుక మీద బండి జారింది. ఆమె కుడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. తండ్రి ఖాదర్ గారికి మాత్రం మోచెయ్యి గీసుకుపోయిందంతే. ఆయన ఆటోనగర్‌లో లారీలకు చెక్క బాడీలు కట్టే వడ్రంగి. రోజూ కూతుర్ని ఆటోలో తీసుకొచ్చి, మెట్లెక్కించి, గోడ పక్క బల్ల మీద కూర్చునేవారు. ఆ గంటసేపూ నేల వంకే చూసేవారు.

నా దగ్గరకు వచ్చేసరికే ఎముక అతికింది. కండరాలకు బలమూ వచ్చింది. అయినా ఆమె పారలల్ బార్స్ వదిలేది కాదు. నడుము ఎత్తులో అటూ ఇటూ ఉండే ఇనుప కమ్మీలవి, పట్టుకుని నడవడానికి. ఒక్క చెయ్యి తియ్యమంటే ఒళ్లంతా కొయ్యబారిపోయేది. మూడు నెలలు నాకు తెలిసినవన్నీ చేసి చూశాను. సర్జన్ గారు ఎక్స్‌రే చూసి "అంతా బాగుందమ్మా" అనేవారు. అంత బాగున్న కాలుతో ఈ అమ్మాయి ఎప్పటికీ ఏదో ఒకటి పట్టుకునే బతుకుతుందేమోనని నాకు దిగులు పట్టుకుంది.

ఒక ఉదయం తనంతట తనే అంది:

"అన్నీ అయిపోయాయి మేడం. ఇంక డెత్ ఒక్కటే మిగిలింది."

చేస్తున్న పని ఆపేశాను. "ఏంటమ్మా ఆ మాటలు?"

మొదటిసారి నవ్వింది. "నాకు కాదండీ. మా ఈటెగాడికి."

అప్పుడు చెప్పింది. పాతకాలపు రాజ్యాలు కట్టి సైన్యాలు నడిపించే కంప్యూటర్ ఆట ఒకటుంది. దాని అభిమానులు సొంతంగా సైనికుల్ని తయారుచేసి, వెబ్‌సైట్‌లో పెట్టి, ఒకరికొకరు ఊరికే పంచుకుంటారు. అలాంటి ఒక్కో సైనికుణ్ణి యూనిట్ అంటారు. అతను నిలబడాలి, నడవాలి, పొడవాలి, చివరికి నేలకూలాలి. ఒక్కో కదలికకు పదేసి బొమ్మలు గీసి వరసగా తిప్పితే కదులుతాడు. అదీ ఎనిమిది దిక్కుల్లో ఐదింటికి గీయాలి, మిగతా మూడూ అద్దంలోలా తిప్పుకోవచ్చు. నేలకూలే కదలికనే డెత్ అంటారు. అది లేనిదే యూనిట్ ఆటలోకి రాదు. నస్రీన్ మంచంలో ఉన్న నెలల్లో, అమరావతి శిల్పాల్లోని మనుషుల్లాంటి ఒక కృష్ణాతీరపు ఈటెగాణ్ణి తయారుచేసింది. ఎక్కడో బ్రెజిల్‌లో ఒక బడిపంతులు, మన ప్రాంతపు పాత రాజ్యాల మీద ఆట కడుతూ, అతని కోసమే ఎదురుచూస్తున్నాడట.

"మరి గీసెయ్యకపోయావా?"

"రావట్లేదండీ. కొంచెం వంగుతాడు. అక్కడే ఆగిపోతాడు. కిందికి రాడు."

కమ్మీ మీద బిగుసుకుపోయిన ఆమె వేళ్లు చూశాను. ఎన్నేళ్లుగానో జనానికి నడవడం నేర్పుతున్నాను. ఫాల్ ట్రైనింగ్ అని, దెబ్బ తగలకుండా పడే పద్ధతి ఒకటుంది. చదువుకునే రోజుల్లో నేర్చుకుని, తర్వాత దాని జోలికే వెళ్లలేదు.

"రేపు పరుపులు వేస్తాను. నేను పడి చూపిస్తా, చూసి గీసుకో," అన్నాను.

మర్నాడు మా ఇంటి డిజిటల్ కెమెరా తెచ్చాను. నేల మీద పరుపులు పరిచి కొంగు బిగించుకుంటుంటే, బల్ల దగ్గర్నుంచి ఖాదర్ గారి గొంతు వినిపించింది.

"మీరొద్దు డాక్టరమ్మా."

చెప్పులు విడిచి వచ్చి పరుపు మీద నిలబడ్డారు. కూతురి వైపు చూశారు.

"ఆ రోజు నిన్ను పడేశాను బేటా. ఇవాళ నేను పడతాను, చూసుకో."

"అబ్బా, మీకు నడుంనొప్పి..." అంది నస్రీన్. తండ్రిని అలాగే పిలిచేది.

"ఏం కాదులే."

ఈటెకు బదులు వ్యాయామం కర్ర ఇచ్చాను. "చెయ్యి నేలకు ఆనించకండి, మణికట్టు విరుగుతుంది. మోకాళ్లు వదలండి. గడ్డం గుండెకు ఆనించి, భుజం మీద దొర్లండి," అన్నాను. మొదటిసారి బస్తా పడ్డట్టు పడ్డారు. "నెమ్మదిగా అబ్బా, ముందు ఈటె జారాలి," అంది నస్రీన్ కమ్మీ దగ్గర్నుంచి. రెండోసారి నయం. మూడు, నాలుగు. దిక్కు మారినప్పుడల్లా ఆయన ఒళ్లు తేలికవుతున్నట్టుంది. కిటికీలోంచి వచ్చిన పలచని వెలుతురులో, ఆ పెద్దమనిషి నీళ్లలో మునుగుతున్నంత మెల్లగా నేలకు దిగుతున్నారు.

ఐదోసారి పడి లేవలేదు. పరుపులో మొహం దాచుకున్నారు. భుజాలు కదులుతున్నాయి.

"అబ్బా?"

ఆయన మొహం ఇంకా లోపలికి దాచుకున్నారు.

"అబ్బా, లేవండి."

నేను వీడియో తీస్తూ కెమెరాలోనే చూస్తున్నాను. ఆ చిన్న తెరలో ఒక మూల నుంచి రెండు పాదాలు వచ్చాయి. ఎడమది, కుడిది, మళ్లీ ఎడమది. పరుపు అంచున ఆగాయి. తలెత్తి చూస్తే కమ్మీలు ఖాళీగా ఉన్నాయి.

ఆమె వంగి చెయ్యి అందించింది. ఆమె కమ్మీలు వదిలేసి వచ్చిందని, ఆయన పట్టుకుని లేచాక గానీ చూసుకోలేదు. "బేటా, నువ్వు..." అన్నారు. నస్రీన్ వెనక్కి తిరిగి కమ్మీల వైపు చూసింది. అవి చేతికి అందేంత దగ్గర్లో లేవు.

"పడిపోతానేమో మేడం."

"పడు. పరుపు ఉందిగా," అన్నాను.

పడింది. అంతసేపు చూసినట్టే, భుజం మీద దొర్లి. పైకప్పు వంక చూస్తూ కాసేపు అలాగే పడుకుంది.

"ఇంతేనా?" అంది.

రెండు వారాల తర్వాత ఈటెగాణ్ణి వెబ్‌సైట్‌లో పెట్టింది. వాళ్లింట్లో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మాకు చూపించింది. ఈటె జారింది, మోకాళ్లు వదిలాయి, మనిషి ఒరిగాడు. "నేనింత బాగా పడ్డానా?" అన్నారు ఖాదర్ గారు. బ్రెజిల్ పంతులు తన ఆటలో ఒక దండు నిండా అతన్నే పెట్టుకున్నానని రాశాడట. ఆ మాట విని ఆయన చాలాసేపు తనలో తనే నవ్వుకున్నారు. నస్రీన్ చేతికర్రతో కొన్నాళ్లు, తర్వాత అదీ లేకుండా పనికి వెళ్లింది.

అప్పటి నుంచి నా దగ్గరకు వచ్చేవాళ్లలో, ఒళ్లు తట్టుకోగలవాళ్లకు నడకతో పాటు పడటమూ నేర్పుతున్నాను. నస్రీన్ కేసు నేర్పింది అదొక్కటే కాదు. మూడు నెలలు నేను ఆ అమ్మాయి కాలు చూశాను, భయం చూశాను. గోడ పక్క బల్ల మీద కూర్చున్న మనిషిని చూడలేదు. ఇప్పుడు ఎవరు వచ్చినా, వాళ్లను తీసుకొచ్చినవారిని కూడా లోపలికి పిలిచి, పేరడిగి, కాసేపు మాట్లాడాకే చికిత్స మొదలుపెడతాను.