పాట్రిక్ చేసిన చెప్పుల స్టాండు

లూర్దుమేరి అక్క చెప్పులతో చర్చిలో అడుగుపెట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఫిరంగిపురం దగ్గరి పల్లెలో, ఫాదర్ రాని ఆదివారాలు ప్రార్థన నడిపించిన ఉపదేశి గారి కూతురు. ఇప్పుడు అమెరికాలోని నోవై ఊళ్లో, కార్ల కంపెనీలో టెస్టింగ్ ఇంజినీరు. మోకాలిదాకా మంచు పడ్డా సరే, గుమ్మంలో బూట్లు విప్పాల్సిందే. ఆవిడను చూసి మా ఇరవై తెలుగు కుటుంబాలూ విప్పేవి.

ఆ చర్చి నోవైకి ముప్పై మైళ్ల దూరంలో, మొక్కజొన్న చేల మధ్య ఉంది. ఐర్లండ్ నుంచి వచ్చిన రైతులు నూట డెబ్బై ఏళ్ల కిందట కట్టుకున్నారు. నెలకోసారి అక్కడ మాకు తెలుగు పూజ. దానికోసం అక్క మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగింది.

మొన్న చలికాలం మా బూట్ల గుట్ట తగిలి ఒక పెద్దావిడ పడబోయింది. బూట్లు వేసుకునే రండి, లేదంటే తెలుగు పూజ ఉండదు అని చర్చి కమిటీ తేల్చి చెప్పింది. కమిటీ పెద్ద పాట్రిక్, ఎనభై ఏళ్ల రైతు. నవ్వితే ముత్యాలు రాలతాయేమో, ఎవరూ చూడలేదు.

"వేసుకుందాం అక్కా, ఏం పోయింది?" అన్నాను. పూజ పోతుందని నా భయం.

"నువ్వూరుకోవే రేణూ. నేను హ్యాండిల్ చేస్తాగా."

చర్చి పాత కాగితాలు స్కాన్ చేసే పని అక్కదే. కమిటీ మీటింగ్‌లో అందులోంచి ఒక ఉత్తరం చదివింది. "ఐర్లండ్‌లో మా అమ్మమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నాలుగు మైళ్లు ఉత్తకాళ్లతో నడిచేది, చర్చి కనబడ్డాకే తొడుక్కునేది, ఉన్న ఒక్క జత మట్టి కాకూడదని" అని ఉంది అందులో. రాసింది పాట్రిక్ నాయనమ్మ.

"మీవాళ్లు దేవుడి కోసం తొడుక్కున్నారు. మేం దేవుడి కోసం విప్పుతాం. దారిలో వదలడం మా తప్పే, ఇక వదలం. విప్పడం మాత్రం మానం," అంది అక్క తడుముకోకుండా, ఇంగ్లీషులోనే.

పాట్రిక్ ఉత్తరం అందుకుని రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత చెబుతానని లేచి వెళ్లిపోయాడు. పూజకు ఇంకా రెండు వారాలుంది.

పూజ రోజున గుమ్మం పక్కన, దారికి అడ్డం లేకుండా, పాత బల్లల చెక్కతో చేసిన చెప్పుల స్టాండు కనబడింది. కింది వరసలో అప్పటికే ఒక జత మట్టి బూట్లున్నాయి. లోపల మొదటి బల్ల మీద పాట్రిక్ కూర్చున్నాడు, బొటనవేలి దగ్గర చిల్లుపడ్డ మేజోళ్లతో.

అక్క తన బూట్లు ఆయన బూట్ల పక్కన సర్దిపెట్టి, అక్కడే నిలబడి ఏడ్చేసింది.