మేకలు లేని కొండ మీద ఈల

రోజూ ఒక గంట సేపు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మా ఊరి కొండని వినడం నా ఉద్యోగంలో ఒక భాగం. నవ్వేవాళ్లు నవ్వుకోండి, మొదట్లో నేనూ నవ్వాను.

శ్రీ సిటీలో మా ఫ్యాక్టరీ కార్లకు వేసే ప్లాస్టిక్ సామాన్లు చేస్తుంది. మా మేనేజరు సారు ఒకరోజు మీటింగులో కొత్త సంగతి చెప్పాడు. "మన పొగ మనం తగ్గించుకోవడం ఎటూ తప్పదు. దాంతోపాటు బయట ఒక కొండ మళ్లీ పచ్చబడడానికి ఏటా డబ్బిద్దాం. అది పీల్చుకునే పొగని మాత్రం మన లెక్కలో తగ్గించి చూపించుకోవద్దు." లెక్కలో చూపించుకోకుండా ఏ కంపెనీ డబ్బు తీస్తుందని నాకు ఒకటే అనుమానం. తీరా చూస్తే ఆ కొండ మాదే. సత్యవేడు దగ్గర, మా పెరట్లో నిలబడితే ఎదురుగా కనబడే కొండ.

ఇక కొండ మీదికి మేకలు తోలకూడదు, కట్టెలు కొట్టకూడదు, పైకి ఎవరూ ఎక్కకూడదు అన్నవి షరతులు. బదులుగా కొండ కింద కాపలాకి ఊరి వాళ్లకే జీతాలు, మేకలు అమ్ముకున్నవాళ్లకు ఆవులు, వాటికి గడ్డి. ఊరు ససేమిరా అంది. ఒప్పించింది మా నాయన. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ కొండ మీద మేకలు కాసిన మనిషి, ముందు తన మందని అమ్మేసి వచ్చి పాలకేంద్రం అరుగు మీద కూర్చున్నాడు. "నేనే అమ్మేసినాను. ఇంక మీకేంది నొప్పి?" అన్నాడు. దాంతో ఒక్కొక్కరే ఒప్పుకున్నారు.

కొండ మీది చెట్లకు అరచేతిలో పట్టేంత పెట్టెలు కట్టారు. అవి రాత్రీ పగలూ చుట్టూ ఉన్న చప్పుళ్లను రికార్డు చేసి మాకు పంపిస్తాయి. పిట్టలు, పురుగులు తిరిగి వస్తే కొండ కోలుకుంటున్నట్టు. ఏ చప్పుడు దేనిదో చెప్పడానికి ఈ పక్క మనిషి కావాలని సారు ఆ పని నాకు అంటగట్టాడు.

మొదట్లో వినబడిందంతా గాలే. మేకల గంటలు, కాపరుల కేకలు లేని ఆ కొండ నాకు కొత్త. ఏసీ గదిలో, పక్కన నలుగురు మాట్లాడుకుంటుండగా కూడా అది వింటుంటే గుబులుగా ఉండేది.

వానలు పడ్డాక ఒక తెల్లవారుజాము రికార్డులో ఈల వినబడింది. పొడుగ్గా ఒకటి, కాస్త ఆగి పొట్టివి రెండు. మేకల్ని కిందికి పిలవడానికి మా నాయన వేసే ఈల. చిన్నప్పుడు అది వినబడగానే అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. కానీ ఈలకి ముందు గానీ వెనక గానీ అడుగుల చప్పుడు లేదు. దగ్గు లేదు. మా నాయన దగ్గకుండా పది అడుగులు వేయలేడు.

మర్నాడూ అంతే. శ్రీహరికోటలో రాకెట్ లేచిన రోజు ఆ ఉరుము సద్దుమణిగాక పురుగులు కూడా నోరు మూసుకున్నాయి. ఆ నిశ్శబ్దంలో మళ్లీ అదే ఈల.

ఆ రికార్డులు తిరుపతిలో తనిఖీ చేసేవాళ్లూ వింటారు. సారు నన్ను పిలిచాడు. "ఎవరో దొంగతనంగా మేకలు తోలుతున్నారంట. ఇట్లాగే ఉంటే ఈ కొండని వదిలేసి ఇంకో కొండకి డబ్బు ఇవ్వమంటున్నారు. ఎవరో కనుక్కోమ్మా." కనుక్కోవడానికేముంది? దగ్గు వినబడకపోయినా ఆ ఈల మా నాయనదే. కొండ చేజారితే జీతాలు పోతాయి, అమ్ముకున్న మేకలు తిరిగి రావు, ఊరంతా కలిసి మా నాయన మొహాన ఉమ్మేస్తుంది. కడుపు మండిపోయింది నాకు.

ఇంటికి వెళ్లేసరికి ఆయన ఆవుకి గడ్డి వేస్తున్నాడు. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే.

"నాయనా, కొండకి పోతా ఉండావా?"

"యాడికి పోయేది పాపా, ఈ మోకాళ్లతో?"

"అబద్దాలు సెప్పొద్దు. నీ ఈల నా సెవులారా ఇన్నాను."

ఆయన గడ్డి కింద పెట్టేశాడు. "పోవద్దని ఊరికంతా సెప్పినోణ్ణి. నేనే పోతానా?" అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. అయినా నేను నమ్మలేదు. బీడీల విషయంలో అమ్మకి ఆయన చెప్పిన కథలు నాకు తెలుసు.

ఆ రాత్రి వాకిలికి అడ్డంగా మంచం వేసుకుని పడుకున్నాను. తెల్లారకముందే ఇద్దరం లేచి, ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగాం. మధ్యాహ్నం ఆ పొద్దుటి రికార్డు తెరిచాను. మా నాయన నా ఎదుట కాఫీ ఊదుకుంటున్న వేళకే కొండ మీద ఈల ఉంది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పడేశాను.

సారు దగ్గర అనుమతి తీసుకుని ఆదివారం చీకటితోనే నాయనని వెంటబెట్టుకుని కొండెక్కాను. మేకల దారి ఉన్నచోట మోకాలెత్తు గడ్డి. పెట్టె కట్టిన చెట్టు కిందికి చేరామో లేదో, సరిగ్గా మా నెత్తి మీద ఈల. మనిషి లేడు. ఎండు కొమ్మ మీద, తోక చివర చీలిన నల్లటి పిట్ట కూర్చుని ఉంది. పసులపోలిగాడు. మేకల వెంట తిరుగుతూ, అవి నడిస్తే లేచే మిడతల్ని పట్టి తినే పిట్ట. ఈల వేసి, తల వంచి గడ్డి వైపు చూసి, ఎదురు చూసింది.

"మేకల్ని పిలస్తా ఉండాది," అన్నాడు నాయన.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఫోనులో వీడియో తీసుకున్నాను. కొండ దక్కింది, నాయన మాట దక్కింది.

"నీ ఈల బలే పట్టేసిందే," అన్నాను.

ఆయన నవ్వలేదు. బండ మీద కూర్చుని మూతి సున్నాలా చుట్టి తన ఈల వేశాడు. చివరి పొట్టి ఈల స్వరం కిందికి దిగింది. పిట్ట బదులు వేసింది. దాని చివరిది పైకి లేచింది.

"ఇది నాది కాదు. మా నాయనది."

నేను పుట్టకముందే ఆ కొండ మీదే పోయాడు మా తాత. పిట్టలు అన్నేళ్లు బతకవు. పిల్లలు తల్లుల దగ్గర, వాటి పిల్లలు వాటి దగ్గర నేర్చుకుని ఉంటాయని చెప్పబోయాను. ఇంతలో పిట్ట మళ్లీ వేసింది. నాయన మోకాళ్లు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"వస్తుండా నాయనా," అన్నాడు మెల్లగా.

వీడియో చూసి తనిఖీ వాళ్లు ఊరుకున్నారు. కొండకి డబ్బు వస్తూనే ఉంది, రికార్డుల్లో పిట్టలూ పెరిగాయి. ఆ ఈల మాత్రం ఆ ఆదివారం తర్వాత మళ్లీ వినబడలేదు. బదులు దొరికింది కాబట్టి ఆగిందేమో అన్న ఆలోచన వస్తే నాకు భయం వేస్తుంది. తెల్లవారుజామున మెలకువ వస్తే చెవులు రిక్కించి పడుకుంటాను. పక్క గదిలో నాయన దగ్గు వినబడ్డాకే మళ్లీ కళ్లు మూసుకుంటాను.