సర్కారుకు మతం లేదని చెక్కిన రాయి

మా చిన్నప్పుడు... శుక్రవారం మధ్యాహ్నం ఒమన్‌లో, అల్ అమెరాత్‌లోని మా రెండు గదుల ఇంట్లో అమ్మ పెద్ద గంజు పొయ్యి మీదికి ఎక్కించిందంటే, ఖాదర్ చిచ్చా వస్తున్నాడని అర్థం. జుమ్మా నమాజు చదువుకుని, అత్తరు వాసనతో, చేతిలో ఖర్జూరాల పొట్లంతో వచ్చేవాడు.

మా నాన్న రాజన్న మేస్త్రీ. చిచ్చా రాళ్లు చెక్కేవాడు. ఇద్దరిదీ ఉత్తర తెలంగాణలో ఒకే చిన్న పట్నం.

అన్నాలయ్యాక నేను అడిగే కథ ఒక్కటే... మా ఊరి చౌరస్తాలోని స్తంభం కథ. ఆ జాగా మాదంటే మాదని రెండు మతాల వాళ్లు ఏళ్ల తరబడి కొట్టుకున్నారట. చివరికి పెద్దమనుషులంతా కూర్చుని, అక్కడ ఏ దేవుడి గుర్తూ వద్దు, మున్సిపాలిటీ పనుల్లోకి మతాన్ని తేవద్దు అని ఒప్పుకున్నారట. దానికి గుర్తుగా నల్లరాతి స్తంభం నిలబెట్టారు. గద్దె కట్టింది నాన్న. "సర్కారుకు మతం లేదు, ఎవరి మతం వారిది" అని అక్షరాలు చెక్కింది చిచ్చా. ఆ పని అయ్యాకే ఇద్దరూ ఒకే ఏజెంటు ద్వారా ఒమన్ వచ్చారు.

"మతంల సున్నా చెక్కుడుకే ఒక దినం వట్టింది బిడ్డా" అని నవ్వేవాడు చిచ్చా.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, ఒక శుక్రవారం అన్నం తింటుండగా ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి... తెల్లారేసరికి స్తంభం దగ్గర ఎవరో జెండా పాతారట. "పోరగాండ్ల పని" అన్నాడు నాన్న. అన్నం కలుపుతున్న చిచ్చా చెయ్యి అలాగే ఆగిపోయింది.

మర్నాడు ఇంకో రంగు జెండా. ఆ తర్వాత దుకాణాలు మూతపడ్డాయి, పోలీసులు దిగారు. ఇక్కడ కంపెనీ క్యాంపులో మా ఊరివాళ్లు చాలామంది ఉండేవారు. అన్నేళ్లూ ఒకే పొయ్యి మీద వండుకున్న రూమ్‌లో రెండో పొయ్యి వచ్చిందని నాన్న అమ్మతో మెల్లగా చెబుతుంటే విన్నాను. గొడవేమీ జరగలేదు. ఎవరూ అరవలేదు... ఎవరూ మాట్లాడుకోలేదు కూడా. అదే ఎక్కువ భయంగా ఉండేది.

తర్వాతి శుక్రవారం చిచ్చా రాలేదు. సాయంత్రం దాకా అమ్మ గంజు మూత తీయలేదు. ఆ పై వారం మా ఊరి మనుషులు ఇద్దరు వచ్చారు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "రాజన్నా, ఆయన ఇంకా మీ ఇంటికి వస్తున్నడా?" అని అడిగారు. వాళ్లు వెళ్లేదాకా నాన్న అలా చూస్తూ నిలబడ్డాడు.

చిచ్చా తనే అడిగి దూరంగా రుస్తాఖ్‌లో ఉన్న సైట్‌కు మారిపోయాడని తర్వాత తెలిసింది. నాన్న సూపర్‌వైజర్‌ని బతిమాలి పికప్ తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు.

చిచ్చా మమ్మల్ని గోడ పక్కకు పిలిచాడు. నా తల మీద చెయ్యి వేశాడు గానీ నవ్వలేదు.

"ఇంక రాకు రాజన్నా. ఆ అక్షరాలు చెక్కింది ఎవరని ఊళ్లె అడుగుతున్నరు. మీ దిక్కోళ్లు అడుగుతున్నరు, మా దిక్కోళ్లు గూడ అడుగుతున్నరు. ఇంటికాడ మా అమ్మ ఒక్కతే ఉన్నది."

"గద్దె కట్టింది నేనే గదరా. నా పేరు గూడ చెప్పు."

"నీ పేరు ఎవ్వలు అడుగుతలేరన్నా..."

నాన్న నా చెయ్యి పట్టుకుని పికప్ ఎక్కించాడు.

నెల తిరగకముందే స్తంభం పోయింది. రోడ్డు వెడల్పు కోసం తీశారని కొందరు, కావాలనే కూలగొట్టారని కొందరు... ఎవరి పనో ఈరోజుకీ తెలియదు. చిచ్చా వాళ్లమ్మ ఇంటికి తాళం వేసి, వేరే పట్నంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. కాంట్రాక్టు ముగియగానే చిచ్చా కూడా అక్కడికే పోయాడు. నంబరు మారింది. నాన్న మాత్రం ఆ పాత నంబరుకు చాలాకాలం చేస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు నేను ఇక్కడే అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. ఒకప్పుడు కొత్తగా కలిసిన తెలుగువాళ్లు "ఏ ఊరు?" అని అడిగి, సంబరంగా చెయ్యి పట్టుకునేవారు. ఇప్పుడు ఊరు చెప్పాక కాసేపు ఆగి, పూర్తి పేరు అడుగుతున్నారు... అది విన్నాకే పక్కన కూర్చుంటున్నారు.

మీ ఊళ్లో కూడా, అందరూ కలిసి ఒప్పుకుని నిలబెట్టుకున్నది ఏదైనా ఉండేదా? ఉంటే కామెంట్లలో చెప్పండి... చెప్పేముందు ఒకసారి ఊరికి ఫోన్ చేసి, అది ఇంకా ఉందో లేదో కనుక్కోండి.