నా కొడుకు పేరు నా నోట పలికించిన దేవుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మా ఇంట్లో ఫోను మోగడం ఆగిపోయిన ఆ ఎండాకాలం గురించి రాయమని మా పాస్టరుగారు చాలాసార్లు అడిగారు, నేను చాలాసార్లు తప్పించుకున్నాను, ఎందుకంటే సాక్ష్యం రాసేటప్పుడు చీకటిని ఉన్నదానికంటే నల్లగా, వెలుగును ఉన్నదానికంటే తెల్లగా చేస్తామేమోనని నాకు భయం. జరిగింది జరిగినట్టే రాస్తాను. ఇందులో ఏదైనా మంచి కనిపిస్తే అది దేవునిది, నాది కాదు.

నేను సైన్యంలో పోరాడి పేరు తెచ్చుకున్నవాణ్ణి కాను. జవాన్లకు చదువు చెప్పే హవల్దారును. హిందీ, మ్యాపు చదవడం, ఇంటికి ఉత్తరం రాయడం నేర్పేవాణ్ణి. అందుకే ఇప్పటికీ మాదన్నపేటలో అందరూ నన్ను మాస్టర్ సాబ్ అనే పిలుస్తారు. రిటైరై వచ్చాక మా వైపున్న మాజీ సైనికులు ఒక సంఘం పెట్టుకుని నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. నాకు నాయకత్వ లక్షణాలేవో ఉన్నాయని కాదు, దరఖాస్తు తప్పుల్లేకుండా రాస్తానని, తొందరగా కోపం రాదని. పింఛను ఆగిపోయినవాళ్ళ కోసం ఆఫీసులకు వెళ్ళాము, నయాపూల్ దగ్గర కోర్టు మెట్లెక్కి దిగే జవాన్ల భార్యల వెంట తోడుగా తిరిగాము. ఫోను రోజంతా మోగేది. అది నాకు ఇష్టంగానే ఉండేది.

మాకు ఒక్కడే కొడుకు, సుధీర్. వాడూ సైన్యంలో చేరాడు. కొండదారిలో డ్యూటీ మీద వెళ్తుండగా మంచుచరియ విరిగిపడి చనిపోయాడు. యుద్ధం కాదు, కాల్పులు కావు, మంచు. వాడి తల్లి రూతమ్మ ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. ఉన్నన్నాళ్ళూ వాడి పేరు పలుకుతూనే ఉండేది, పప్పులో ఉప్పు ఎక్కువైతే సుధీర్‌కి ఇలాగే ఇష్టం అనేది, వాన పడితే సుధీర్ తడిసొచ్చేవాడు అనేది. ఆమె పోయాక మా ఇంట్లో ఆ పేరు పలికేవాళ్ళు లేరు. నేను పలకలేకపోయాను. పెదవుల దాకా వచ్చేది, గొంతు మూసుకుపోయేది. ప్రార్థనలో కూడా ‘నా కొడుకు’ అనేవాణ్ణి, పేరు అనేవాణ్ణి కాను. దేవునికి తెలుసు కదా అనుకునేవాణ్ణి.

ఇక్కడ సైన్యంలోని ఒక ఆచారం చెప్పాలి. మన సొంత మెడల్స్ ఎడమవైపు రొమ్ము మీద పెట్టుకుంటాము. చనిపోయిన మనవాళ్ళవి, వారి స్మారక దినాల్లో, కుడివైపు పెట్టుకుంటాము. కుడివైపు మెడల్స్ కనిపిస్తే మా వాళ్ళెవరూ ఏమీ అడగరు. ఇతని ఇంట్లో ఒకరు పోయారు అని అర్థం, అంతే. నేను ఏడాదికొకసారి రెండు వైపులా పెట్టుకునేవాణ్ణి.

ఆ ఏడాది ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఒకరోజు యాదమ్మ అనే తల్లి మా సంఘానికి వచ్చింది. భర్త ఆర్టీసీలో చేసి రిటైరయ్యాడు, కొడుకు సరిహద్దులో కాల్పుల్లో పోయాడు.

“మాస్టర్ సాబ్, మార్కెట్ కాడ నా కొడుకు ఫ్లెక్సీ పెట్టిండ్రు, జూసినవా?” అంది. “లీడరు మొఖమేమో గంపంత, నా కొడుకుది గిద్దంత. వాడు పండ్లు ఇకిలిస్తుంటె నా కొడుకు వాని సంక కింద ఉన్నడు. నన్ను ఒక్క మాట అడిగిండ్రా? కూరగాయలకు చుట్టు తిరిగి పోతున్న సారూ, గా కిందికెల్లి నడవబుద్దైతలేదు. ఎట్లన్నజేసి తీపియ్యి.”

తీయించడం మా చేతిలో పని కాదు. కాని కొద్ది రోజుల్లోనే జవాన్ల స్మారక దినం వచ్చింది, రెండు వైపులా మెడల్స్ పెట్టుకుని వెళ్ళాను, స్తూపం దగ్గర పుష్పగుచ్ఛం పెట్టి వెనక్కి తిరిగేసరికి టీవీ వాళ్ళు మైకులు ముందుకు తోశారు, నేను చెప్పాల్సింది చెప్పాను. చనిపోయిన జవాను బొమ్మ ఏ పార్టీ ఫ్లెక్సీ మీదా పెట్టకూడదు, పెట్టేముందు తల్లిని అడగాలి, ఆమె వద్దంటే తీసేయాలి, అన్ని పార్టీలకూ ఇదే మాట. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు.

సాయంత్రానికి ఒక వీడియో బయలుదేరింది. నేను మాట్లాడుతుండగా బొమ్మను ఆపి, నా రొమ్ముకు రెండు వైపులా ఎర్రగా సున్నాలు చుట్టి, కింద రాశారు: రెండు వైపులా మెడల్స్ పెట్టుకునే సైనికుణ్ణి ఎక్కడైనా చూశారా? వీడు దొంగ ఫౌజీ! అది ఎన్ని ఫోన్లు తిరిగిందో నాకు తెలియదు. తెల్లవారి పాలపాకెట్ కోసం వెళ్తే దుకాణం ముందున్న కుర్రాళ్ళు నాకు రెండు చేతులతో సలాం కొట్టారు. “ఒక్క చేత్తోని కొడితె తక్కువైతది భాయ్, ఈన డబుల్ ఫౌజీ!” అన్నాడొకడు. దుకాణం ఆయన కూడా నవ్వాడు, పదేళ్ళుగా నేను పాలు తీసుకునేది ఆయన దగ్గరే.

సహోదరులారా, ఆ కుర్రాళ్ళ మాట నన్ను అంతగా బాధపెట్టలేదు. వాళ్ళకు తెలియదు. తెలిసినవాళ్ళు మాట్లాడకపోవడమే బాధ. మా మాజీ సైనికుల సంఘంలో ప్రతి ఒక్కరికీ కుడివైపు సంగతి తెలుసు, సుధీర్ సంగతి తెలుసు, వాడి శవపేటిక మోసినవాళ్ళున్నారు. ఎవరైనా ఒక్కరు, అవి పోయిన కొడుకువి అని ఒక్క వాక్యం అంటే చాలు. ఎవరూ అనలేదు. ఎందుకు అనలేదో తర్వాత తెలిసింది. ఆ ఫ్లెక్సీ పెట్టిన నాయకుడు మా సంఘానికి జల్‌పల్లిలో హాలు కట్టుకోవడానికి స్థలం ఇప్పిస్తానన్నాడట.

మరి నేనెందుకు చెప్పలేదు అని మీరడగవచ్చు. టీవీ వాళ్ళు కూడా అడిగారు. నేను తలుపు వేసుకున్నాను. యాదమ్మ కొడుకు మొఖం అడ్డం పెట్టుకుని ఓట్లడగడం తప్పని చెప్పిన నోటితో, నా కొడుకు చావును అడ్డం పెట్టుకుని నా పరువు ఎలా అడుక్కోవాలి? అలా అనుకున్నాను. అది నిజమే. కాని దాని కింద ఇంకో నిజముంది, ఆ పేరు నాకు నోట రాదు.

ఫోను మోగడం ఆగిపోయింది. మందిరంలో అందరూ పలకరించేవారు, కాని పొట్టిగా, జ్వరం వచ్చినవాణ్ణి పలకరించినట్టు. ఇంట్లో పుస్తకాలున్నాయి, చదివిన పేజీనే మళ్ళీ చదివేవాణ్ణి. సాయంత్రం మార్కెట్‌కు వెళ్ళి నాకక్కరలేని దొండకాయల ధర అడిగి కొనేవాణ్ణి, “తీస్కో బాపు, తాజాగున్నయి” అనే మాట కోసం. రోజంతా నాతో ఎవరైనా అన్న మాట అదొక్కటే అయిన రోజులున్నాయి.

అప్పుడు మా సంఘం కార్యదర్శి నర్సింగ్ వచ్చాడు. నా దగ్గర చదువుకున్న జవానే, ఇంట్లో మనిషిలాంటివాడు.

“మాస్టర్ సాబ్, గీ లొల్లి మనకెందుకు? ఆదివారం మీటింగ్ పెడుతున్నం, లీడర్ సాబ్ మనిషి వస్తడు. నువ్వు ఒక్క మాట, నా మాట వల్ల ఎవరికైన నొప్పి కలిగితె మాఫ్ చెయ్యుండ్రి అను. ఆయన శాలువ కప్పుతడు. ఖతమ్. వీడియో గూడ వాళ్ళే తీసేపిస్తరు.”

“నేనన్నదాంట్లో తప్పేముంది నర్సింగ్?”

“తప్పని ఎవరన్నరు? మాఫీ అంటున్న. నీకు ఇంట్ల ఎవరున్నరు సార్, మేము గాక? గా ఫికర్ లేదా నీకు?”

ఆ చివరి మాట అతను ప్రేమతోనే అన్నాడు. అదే నన్ను పడగొట్టింది. సరే అన్నాను.

మరునాడు మధ్యాహ్నం గదిలో మోకరించాను. ఆ ప్రార్థన నాకు అక్షరం పోకుండా గుర్తుంది, ఎందుకంటే అది మంచి ప్రార్థన కాదు. “ప్రభువా, నేను అన్నది తప్పు కాదని నీకు తెలుసు. అయినా క్షమాపణ చెప్తాను. నాకు మనుషులు కావాలి. నువ్వున్నావని తెలుసు, కాని నువ్వు తలుపు కొట్టవు, ఇంట్లో కాఫీ తాగవు. ఇది పాపమైతే నన్ను ఆపు. ఆపకపోతే ఆదివారం వెళ్ళి చెప్పేస్తాను.” ఆమేన్ అనడం కూడా మరిచిపోయాను.

ఆ ఎండలోనే, ఇంకా మోకాళ్ళ నొప్పి తగ్గకముందే తలుపు చప్పుడైంది. యాదమ్మ. చేతిలో కూరగాయల సంచి, మొఖం ఎర్రగా ఉంది.

“నీళ్ళియ్యి సారూ. కొట్లాడి కొట్లాడి గొంతు ఎండిపోయింది.” తాగాక కూర్చుంది. “మార్కెట్ల ఒకడు, మీ ప్రెసిడెంట్ దొంగ ఫౌజీ అంటడు. నీ అయ్య ఏ పటాలంల చేసిండురా అన్న. అన్ననే గని, నాకు తెల్వది గద? గందుకే అడుగుదామని వచ్చిన. కుడి దిక్కు పెట్టుకున్నయి ఎవరియి?”

ఆమెకు తెలియదు. ఆ ఆచారం ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను “నా కొడుకువి” అన్నాను.

“నీ కొడుకు గూడ పోయిండా?” అంది. చేతిలోని గ్లాసు కింద పెట్టింది. తర్వాత కసిరింది. “మరి గా మాట చెప్పకపోతివి?”

నేను నా కారణం చెప్పాను. ఫ్లెక్సీ వాళ్ళు చేసిందే నేనూ చేసినట్టవుతుందని.

“ఏం మాటలు సారూ! గింత చదువుకొని గిదేనా?” అంది. “వాళ్ళు అడగకుండ పెట్టిండ్రు, గదీ తప్పు. నువ్వెవరినడగాలె? నువ్వు తండ్రివి. నేను నా కొడుకు పేరు రోజు పది మందికి జెప్త, ఇన్నోళ్ళు ఇంటరు, ఇననోళ్ళు పోతరు. నీ నోటికెల్లి రాకపోతె ఇంకెవల నోటికెల్లి రావాలె వాని పేరు? ఏం పేరు వానిది?”

సహోదరులారా, అడిగింది ఆమే. కాని ఆ ప్రశ్న ఆమె నోట పెట్టింది ఎవరో నాకు తెలుసు! రూతమ్మ పోయిన తర్వాత ఒక్క మనిషి నన్ను అది అడగలేదు, అందరికీ తెలుసు కనుక ఎవరూ అడగలేదు, ఏమీ తెలియని ఈమె అడిగింది. నా గొంతు ఎప్పటిలాగే మూసుకుపోయింది, ఆమె కదలకుండా కూర్చుంది, వెళ్తానని అనలేదు, ఊరుకోమని అనలేదు, నేను లోపల ప్రభువా, ప్రభువా అన్నాను, అంతకంటే ప్రార్థన రాలేదు, తర్వాత నా చెవులకే వినిపించింది, సుధీర్ అని.

“సుధీర్” అని ఆమె కూడా ఒకసారి అంది. “మంచి పేరు.” అప్పుడు ఏడ్చాను. చావు నాడు కూడా అలా ఏడవలేదు. ఆమె సంచి సర్దుకుని, దొండకాయలు కొన్ని బల్ల మీద పెట్టి, “ఎంత చిక్కిపోయినవు, వండుకొని తిను” అని వెళ్ళిపోయింది. ఇంట్లో అప్పటికే దొండకాయలు నిండా ఉన్నాయి.

ఆదివారం మీటింగ్‌కు వెళ్ళాను. నాయకుని మనిషి ముందువరుసలో శాలువా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నర్సింగ్ నా పేరు పిలిచాడు. నేను లేచి చెప్పాను: “నేను అన్న మాటకు క్షమాపణ లేదు. కుడివైపు మెడల్స్ నా కొడుకు సుధీర్‌వి. వాడు మంచు కింద చనిపోయాడు. యుద్ధంలో కాదు కాబట్టి వాడి బొమ్మ ఎవరికీ పనికిరాలేదు. యాదమ్మగారి కొడుకుది పనికొచ్చింది. ఆమె వద్దంటోంది. తీసేయండి.” నా గొంతు మూసుకుపోలేదు. దేవునికే మహిమ!

ఆ మనిషి శాలువాతో పాటు లేచి వెళ్ళిపోయాడు. నర్సింగ్ తల పట్టుకున్నాడు. “జాగ పాయె సార్, అందరి జాగ పాయె!” అన్నాడు. అప్పుడు వెనక నుంచి ఖదీర్ భాయ్ లేచాడు, మిలిటరీ లారీ నడిపిన మనిషి, మీటింగుల్లో టీ వచ్చేదాకా కునుకు తీసేవాడు.

“జాగ పోతె పోనియ్యి నర్సింగ్, చెట్టు కింద కూసుందం. కుడి దిక్కు అంటె ఏందో గీడ ఎర్కలేనిది ఎవనికి? అందరం నోట్ల బెల్లం బెట్టుకొని కూసున్నం. మాఫీ ఈన గాదు, మనం అడగాలె. మాస్టర్ సాబ్, మాఫ్ కరో.”

అందరూ చప్పట్లు కొట్టారని రాస్తే అబద్ధమవుతుంది. సగానికి పైగా లేచి వెళ్ళారు, నర్సింగ్‌తో కలిసి వేరే సంఘం పెట్టుకున్నారు. స్థలం రాలేదు. వీడియోను ఎవరూ తీయలేదు, ఇప్పటికీ ఎక్కడో తిరుగుతూ ఉంటుంది. ఆ ఫ్లెక్సీ మాత్రం కొద్ది రోజులకు మాయమైంది, ఎవరు తీశారో తెలియదు, ఆ చోట ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షలు పెట్టారు. యాదమ్మ ఇప్పుడు మార్కెట్‌కు నేరుగా వెళ్తోంది.

నర్సింగ్ నాతో మాట్లాడడు. అతని కోసం ప్రార్థిస్తాను. సాయంత్రాలు ఇల్లు ఇప్పటికీ నిశ్శబ్దంగానే ఉంటుంది, దేవుడు నా ఒంటరితనాన్ని తీసేశాడని నేను చెప్పను. దాని భయాన్ని తీసేశాడు. మనుషులు పోతారేమోనని నిజాన్ని అమ్ముకునే స్థితి నుండి నన్ను తప్పించాడు, మూగబోయిన నోటిని తెరిచాడు. ఆపమని నేను అడిగాను, ఆయన ఆపాడు! నా చిన్నపాటి విశ్వాసాన్ని కూడా త్రోసివేయని ఆ తండ్రికి, తన కుమారుణ్ణి పోగొట్టుకోవడమంటే ఏమిటో తెలిసిన ఆ తండ్రికి, నా కృతజ్ఞతలు.

ఇది చదివే మీలో ఎవరో ఒకరికి పలకలేని పేరు ఒకటి ఉంటుంది. మందిరం నిండా మనుషులున్నా మీరు ఆ పేరుతో ఒంటరిగా కూర్చుని ఉంటారు. నా ప్రభువు ఆ పేరు వినడానికి సిద్ధంగా ఉన్నాడు, ఆయనను నమ్మండి, గొంతు మూసుకుపోయినా ఆయన ముందు నోరు తెరవండి. ఇంట్లో వినేవాళ్ళు లేకపోతే ఆదివారం ఆరాధన అయ్యాక మందిరంలో నేను కూర్చునే బెంచీ దగ్గరికి రండి. ఏం పేరు వారిది అని నేను అడుగుతాను.