కొయ్య కింద మామిడికాయ

ఈ ఉదయం మ్యూజియం మెట్ల మీద ఎవరో ఆకులతో సహా తెంపిన మామిడికాయ పెట్టి వెళ్ళారు. చేతిలోకి తీసుకుంటే తొడిమ దగ్గర సొన ఇంకా ఆరలేదు. ఆ ఘాటు వాసన తగిలితే చాలు, గురుబారమ్మ నా ఎదుట నిలబడుతుంది. చీపురు చంకలో పెట్టుకుని, "ఇంకా తలుపు తియ్యలేదేటి మేడమ్? బేగి తియ్యండి" అని కసురుతుంది.

గురువారం పుట్టిందని గురుబారి అని పేరు పెట్టారట. అరకు సంతకు దగ్గరలో, దొరల కాలపు బంగళాలో నడిచే మా చిన్న మ్యూజియంలో ఊడ్చే పని ఆమెది. నేను విజయనగరం వైపు నుంచి వచ్చిన కిరాణా కొట్టు వాళ్ళమ్మాయిని. వస్తువుల పక్కన వివరాల అట్టలు రాయడం నా ఉద్యోగం. డిగ్రీ ఉంది కాబట్టి కొండల సంగతి నాకే ఎక్కువ తెలుసనుకునేదాన్ని. ఆ పొగరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాగళ్ళ గదిలో బారెడు పొడుగు దుంగ ఒకటి ఉండేది. నిలువునా చీల్చిన రెండు చెక్కలు ఒకదాని మీద ఒకటి, మధ్యలో వరసగా నాలుగు బెజ్జాలు, చివర ఇనుప గొళ్ళెం. పాత జాబితాలో దాని ఊసే లేదు. నాగళ్ళ పక్కనుంది కదా అని మరో ఆలోచన లేకుండా "పశువుల కాళ్ళు బిగించే కొయ్య" అని రాసి తగిలించాను. చదువు రాని గురుబారమ్మ ఆ అట్ట వైపు చూసేది కాదు. గదంతా ఊడ్చి, దుంగ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చీపురు గుమ్మంలో వదిలేసి కొంగుతో తుడిచేది. ముసలివాళ్ళ చాదస్తం అనుకున్నాను. ఒక ఏడాది చైత్రంలో ఆ దుంగ కింద కుళ్ళిన మామిడికాయ, దాని చుట్టూ చీమల బారు కనిపించాయి. నాకు ఒళ్ళు మండింది.

"ఇది మ్యూజియమా, పెంటకుప్పా? ఎవరు పెట్టారిది?"

"నానే పెట్టినాను. మా తాతకి."

కొండ ఊళ్ళలో కొత్త మామిడి పండుగనాడు పోయిన పెద్దలకు మొదటి కాయ పెట్టందే ఎవరూ కొత్తకాయ కొరకరు. పెద్దల పేరున పాతిన రాళ్ళ దగ్గర పెడతారు. ఆమాత్రం నాకూ తెలుసు. "రాయి దగ్గర పెట్టుకోవాలి గానీ ఇక్కడేమిటి?" అన్నాను.

ఆమె నేల మీద చతికిలబడింది. "పీనుగు ఇత్తే కదా మేడమ్, రాయి పాతడానికి."

ఘాట్ రోడ్డు వేయడానికి తెల్లదొర ఊరూరా మనుషుల్ని పట్టించి వెట్టికి తోలించేవాడట. కోత వేళ చేను వదిలి రానన్నాడు ఆమె తాత బుద్రు. ఈ బంగళా వరండాలోనే, ఈ కొయ్యలోనే అతని కాళ్ళు బిగించారు. కొండవాళ్ళు మనుషులు కారు, పశువులు, పశువుల్ని ఇలాగే దారికి తేవాలి అని దొర పదిమందిలో అన్నాడట. చీలమండలు పుండ్లు పడి పన్నెండో రోజున బుద్రు ప్రాణం పోయింది. ఎక్కడ పూడ్చారో ఇంటివాళ్ళకు చెప్పలేదు. గురుబారమ్మ నాయనమ్మ బతికినన్నాళ్ళూ ఏటా ఒక కాయ పట్టుకొని, మనవరాలిని వెంటబెట్టుకొని, ఈ గోడ బయట నిలబడి వెళ్ళేదట.

"ఆ అట్ట మీద ఏటి రాసినారు?" అని అడిగింది చివర్న. చదివి వినిపించాను.

"దొర పశువులన్నాడు. ఇన్నేళ్ళకి మీరూ అదే రాసినారు."

ఆ మాట కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. అట్ట అప్పటికప్పుడే చింపేశాను గానీ, కొత్తది పెట్టాలంటే అనుమతి కావాలి. అది రాకముందే, మరుసటి ఏడాది పండుగ రెండు రోజులుందనగా పెద్ద అధికారి వచ్చారు. ఆ మూల నాట్యం చేసే బొమ్మల గుంపు పెడితే టూరిస్టులు ఫోటోలు దిగుతారని, దుంగను వెనక షెడ్డులో పడేయమని అన్నారు. షెడ్డుకు పోతే బుద్రుకు ఈ లోకంలో ఉన్న ఒక్క చోటూ పోయినట్టే. ఉన్నదంతా చెప్పాను.

"ముసలామె మాట తప్ప ఆధారమేముందమ్మా? పశువుల కొయ్య అని రాసింది మీరే కదా?"

"తప్పు రాశాను సార్."

"ఇప్పుడు రాసేది ఒప్పని నమ్మకమేమిటి?"

ఆ ప్రశ్నకు జవాబు గురుబారమ్మ ఇచ్చింది. చీపురు గోడకు ఆనించి వచ్చి, నా చేత పై చెక్క ఎత్తించింది. నేల మీద కూర్చుని రెండు కాళ్ళూ కింది చెక్క గాడుల్లో పెట్టింది.

"మూత పెట్టు గుంటా."

నన్ను మేడమ్ అనకుండా, ఇంట్లో ఆడపిల్లని పిలిచినట్టు గుంటా అనడం అదే మొదటిసారి. చెక్క దించాను. చీలమండల దగ్గర సరిగ్గా సరిపోయింది.

"ఏ ఎద్దు కాలు దూరతాది బాబూ ఇందులో? పక్కన రెండు బెజ్జాలు కాళీగానే ఉన్నాయి. మీరూ పెట్టి సూడండి."

ఆయన మొహంలో రంగు మారింది. "తియ్యండి, ముందు అది తియ్యండి" అంటూ తనే వంగి చెక్క లేపారు. చేతులు దులుపుకుని, "బొమ్మలు ఇంకెక్కడైనా పెట్టుకుందాం" అన్నారు. ఆయన కారు గేటు దాటగానే గురుబారమ్మా నేనూ పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

కొత్త అట్టకు "బొండకొయ్య. మనుషుల కాళ్ళు బిగించి శిక్షించేది. ఒక గిరిజనుణ్ణి..." అని మొదలుపెట్టి పైకి చదివాను. వెంటనే అడ్డుకుంది. "ఒకడేటి? పేరు నేదా ఆయనకి? కోత వదిలి రానన్నాడని రాయి. ఏడిసినాడని రాయకు."

అలాగే రాశాను. కబురు తెలిసి పండుగనాడు డప్పులతో జనం వచ్చారు. పెదబయలు వైపు నుంచి కూడా జీపులు దిగాయి. రాయి పాతుకునే భాగ్యం లేని ఇళ్ళు ఇంకా ఉన్నాయని అప్పుడు తెలిసింది. ఒక్కొక్కరూ కాయ పెట్టి, తమవాళ్ళ పేరు చెప్పి, రాయించుకున్నారు. సాయంత్రానికి అట్ట మీద ఏడు పేర్లు. దొర వరండాలో ధింసా ఆడారు. గురుబారమ్మ కాయ కోసి ఉప్పద్ది మొదటి ముక్క నా నోట్లో పెట్టింది. "తిను గుంటా. ఇప్పుడు తినొచ్చు."

ఆ తర్వాత పని మానేసేదాకా రోజూ పొద్దున్నే ఆ అట్ట నా చేత పైకి చదివించుకునేది. వినందే చీపురు పట్టేది కాదు. ఇప్పుడు ఆమెకు వాళ్ళ ఊళ్ళో రాయి ఉంది. ఈ మ్యూజియం బాధ్యత నాది. ఏ వస్తువు వచ్చినా, ఇది ఏమిటి అని కాదు, ఎవరిది అని ముందు అడుగుతాను. ఎవరూ చెప్పలేకపోతే అట్ట ఖాళీగా ఉంచుతాను తప్ప తోచింది రాయను.

ఈ ఉదయం కూడా కాయను కొయ్య కింద పెట్టి, వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా గొంతెత్తి చదివాను. "బుద్రు. కోత వదిలి రానన్నాడు."

ఆ తర్వాతే చీపురు అందుకున్నాను.