కొక్కెం పరీక్ష

పూసల దండలు చేసి ఆన్‌లైన్‌లో అమ్మే కోడలికి ఒక నియమం ఉంది. అత్తగారు ఎవరి సాయమూ లేకుండా మెడ వెనక కొక్కెం తగిలించుకోగలిగితేనే ఆ దండ పార్సిల్‌లోకి వెళ్తుంది. లేకపోతే, "ఇదేం కొక్కెమే, చీమ కోసం చేశావా?" అంటూ ఆవిడ దాన్ని బల్ల మీద పడేస్తారు. కోడలు గొణుక్కుంటూనే కొక్కెం తీగను ఇంకాస్త పెద్దగా వంచుతుంది.

మొన్న దండ కొన్న ఒకావిడ మెసేజ్ పెట్టింది: "దండ ముచ్చటగా ఉంది గానీ, కొక్కెం తలుపు గొళ్ళెంలా ఉందండీ."

కోడలికి ఒళ్ళు మండింది. పోయినేడాది చేసిన దండ తీసి పక్కన పెట్టి చూసింది. అప్పటి కొక్కెం ఇప్పటిదాంట్లో సగం కూడా లేదు. తలెత్తి అత్తగారి చేతుల వంక చూసింది. ఒళ్ళో ఊరికే పెట్టుకున్నా వేళ్ళు వణుకుతున్నాయి. కోపం ఎటు పోయిందో తెలియలేదు.

ఆ రోజు నుంచి పెద్ద కొక్కెంతోనే దండ ఆవిడ చేతికిస్తోంది. పార్సిల్ కట్టేముందు వంటింట్లోకి వెళ్ళి, పట్టకారుతో దాన్ని తీసి చిన్నది పెడుతోంది.

"చూశావా, ఒక్కసారికే తగులుకుంది! నేను లేకపోతే నీ వ్యాపారం ఏమయ్యేదో," అన్నారు అత్తగారు ఇవాళ.

"దుకాణం మూసుకోవాల్సిందే అత్తయ్యా," అంటూ కోడలు పట్టకారును వీపు వెనక దాచుకుంది.