తలలో పెట్టని పువ్వు

మా అత్త పోయింది గానీ, ఆమె వేలు ఇంకా నా కళ్లముందే ఉంది. జెర్బెరా పూలమొక్క మొదట్లో మట్టి పేరుకుంటే కుళ్లిపోతుందని, పొద్దున్నే ఆ వేలితో మట్టిని మెల్లగా పక్కకు తోసేది.

ఆమె కొడుకు, నా మొగుడు, జ్వరమొచ్చి పోయాడు. నా తలలో పూలు తీసేశారు. నెల తిరగకముందే అత్త భద్రాచలం పోయి ఆ ఎర్ర జెర్బెరా పూల కుండీ తెచ్చింది.

పక్కింటామె వాకిట్లోకొచ్చి దెప్పింది: "మొగుడు పోయినదానికి పూలెందుకే ముసలిదానా?"

"గిది తలల పెట్టే పువ్వు గాదు. వాసన గూడ లేదు. దాన్ని కండ్లతోనన్న చూసుకోనీ," అంది అత్త.

అవ్, ఆ పూలను చూసుకుంటూనే బతికాను.

ఒకనాడు కుండీ దగ్గర కూర్చుని అడిగాను: "అత్తా, మామ పోయిన్నాడు నువ్వు నాకన్న చిన్నదానివంట గద. నువ్వేం చూసుకున్నవ్?"

అత్త మొక్క మొదట్లో మట్టిని వేలితో పక్కకు తోసింది.

"నాకెవరు తెచ్చిచ్చిండ్రు, బిడ్డా?"